ఫోనులో పలుకు స్పష్టముగా నుండవలెను

(రుద్రారములో సమావేశమైన పంచాయతీ సభ్యుల నుద్దేశించి సమాచార శాఖ ప్రచారాధికారి చేసిన ఉపన్యాసము)



పూర్వము గ్రామములో కబురు తెలుపవలెనన్న దండోరా వేయించెడివారు. దండోరా వేయువాని గొంతు ఊరి చివరి యింటికి వినబడునా లేదా అని పెద్దలు చూచెడివారు. నేడు ఆ పనిలో కొంత టెలిఫోను చేయుచున్నది. "మంచినీటి ఫిర్యాదుకు ఒకటి నొక్కండి, వీధి దీపాలకు రెండు నొక్కండి" అని ముందుగా రికార్డు చేసిన కంఠము మనకు దారి చూపును. ఇంటర్నెట్ తీగ వచ్చినచోట ఇట్టి ఏర్పాటు చిన్న కార్యాలయమునకు సైతము సాధ్యము. అయితే ఆ గొంతు ఎంతమందికి అర్థమగుచున్నది?

ఇంటిపన్ను బాకీ ఇరవై అని యంత్రము చెప్పగా అరవై అని వినబడవచ్చును. ఏభైకి, ఎనభైకి తేడా తెలియకపోవచ్చును. వృద్ధులు రెండు పర్యాయములు విని, ఫోను పెట్టివేయుదురు. పటాన్‌చెరు, పాశమైలారము ప్రాంతములో మరియొక సంగతి కలదు. 2025 జూన్ 30న పాశమైలారములోని ఔషధ పదార్థముల కర్మాగారమున విస్ఫోటనము జరిగి నలుబది మందికి పైగా మరణించిరి. మృతులలో పలువురు ఇతర రాష్ట్రముల నుండి పనికి వచ్చినవారు. అట్టి దినమున దూరదేశము నుండి తమవారి కొరకు ఫోను చేయువారికి మొదట వినబడు మాట తెలుగులోను, హిందీలోను స్పష్టముగా నుండవలెను గదా!

పలుకు ఎందులకు చెడునో తెలిసికొందము. మామూలు టెలిఫోను సెకనుకు 300 మొదలు 3400 వరకు గల ప్రకంపనలను మాత్రమే మోయును. 'స'కారములోని బుస ధ్వని హెచ్చుభాగము అంతకు పైనుండును. కనుకనే ఫోనులో స, శ లకు భేదము తగ్గును. యంత్రము కంఠమును సెకనుకు 8000 మాదిరులుగా కోసి, అంకెలుగా మార్చి, చిన్న పొట్లములుగా కట్టి పంపును. సాధారణముగా సెకనుకు ఏబది పొట్లములు పోవును. ఈ విధానమున సెకనుకు 64 కిలోబిట్లు పట్టును. జి.729 అను మరియొక విధానమున 8 కిలోబిట్లే చాలును. కాని అది మనుష్య కంఠమునకై నిర్మింపబడినది. వెనుక సంగీతము పెట్టినచో రెండును చెడిపోవును.

దోషమెక్కడ నున్నదో కనుగొనుటకు సులభమైన పరీక్ష కలదు. అదే ఫోనులో మనిషితో మాట్లాడి చూడుడు. మనిషి మాట కూడ తెగిపోవుచున్న, పొట్లములు దారిలో పోవుచున్నవి, లేదా ఆలస్యమగుచున్నవి. ఇంటర్నెట్ తీగను, దాని యంత్రమును సరిచూపించవలెను. మనిషి మాట స్పష్టముగా నుండి రికార్డు మాత్రమే గరగరలాడిన, తప్పు రికార్డులోనే కలదు. అప్పుడు క్రొత్త యంత్రము కొనుట వ్యర్థము. తిరిగి రికార్డు చేయించుట మేలు.

అందుకు పాటింపవలసినవి కొన్ని గలవు. పంకా ఆపి, తలుపులు మూసి, దుప్పట్లు, పరదాలు గల గదిలో రికార్డు చేయవలెను. గొంతు మరీ బిగ్గరగా నున్న శిఖరములు తెగి బొంగురుపోవును. మంచి మూలప్రతిని భద్రపరచి, దాని నుండి ఒక్కసారి మాత్రమే ఫోను పద్ధతికి మార్చవలెను. ఒక పద్ధతి నుండి మరియొకదానికి పదేపదే మార్చిన ప్రతి మార్పునను కొంత నష్టము కలుగును. 8000 మాదిరులకు దించుటకు ముందు 4000 ప్రకంపనలు దాటిన ధ్వనులను వడగట్టవలెను. లేనియెడల అవి మారురూపమున క్రిందికి చేరి మాటను చెరచును. మన దేశమున ఎ-లా అను పద్ధతియు, అమెరికా, జపానులలో మ్యూ-లా అను పద్ధతియు వాడుకలో నున్నవి. మీ లైను వాడు పద్ధతిలోనే ప్రతి తయారు చేయుమని పనివానికి చెప్పవలెను.

తెలుగు మాటలు హెచ్చుగా అచ్చుతో ముగియును. చివరి అచ్చు తెగిన "వచ్చింది", "వచ్చిందా" అనువాటికి భేదము పోవును. కావున మాటకు ముందు వెనుకల అరసెకను నిశ్శబ్దము విడువవలెను. అంకెల విషయమున మరింత జాగ్రత్త అవసరము. మనము "వంద" అందుము గాని, ఇరవై కలిసినప్పుడు "నూట ఇరవై" అందుము. "రెండు వందలు" అన్నది "రెండు వందల ఇరవై" యగును. ఈ రూపములన్నిటిని వేరువేరుగా, ఒకే కంఠముతో, ఒకే స్థాయిలో రికార్డు చేయవలెను. "ఇరవై రూపాయలు, రెండు, సున్న" అని అంకెలు విడదీసి చెప్పించిన పొరపాటునకు తావుండదు.

కడపట పరీక్ష ఊరిలోనే జరుగవలెను. కార్యాలయములోని మంచి స్పీకరులో విని సంతృప్తి పడరాదు. చౌకఫోను పట్టుకొని, లారీలు తిరుగు రహదారి ప్రక్క నిలిచి, చెవి మందగించిన ఒక పెద్దమనిషి చేతను, చదువురాని ఒక అమ్మ చేతను వినిపించుడు. ఏ నంబరు నొక్కవలెనో, ఎంత చెల్లింపవలెనో వారు తిరిగి చెప్పగలిగిన ఆ రికార్డు పనికివచ్చినట్లు. లేనిచో మార్చుడు. ప్రజల సొమ్ముతో పెట్టిన ఫోను ప్రజలకు అర్థమగునట్లు మాట్లాడించుట పంచాయతీ సభ్యులమైన మీ బాధ్యతయని మనవి చేయుచు సెలవు తీసికొనుచున్నాను.