ఈ లెక్క ఎక్కడ చూశావమ్మా?

పోయిన ఎపిసోడ్‌లో ప్రాజెక్టుకి అంశం ఎలా ఎంచుకోవాలో చెప్పుకున్నాం కదా. ఈసారి నోట్సు రాసుకోవడం, ఆధారాలు చూపించడం గురించి మాట్లాడుకుందాం.

నేను పర్చూరు వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. కొన్నేళ్ల కిందట మా తొమ్మిదో తరగతి అమ్మాయి చీరాల-పేరాల ఉద్యమం మీద ప్రాజెక్టు చేసింది. 1919లో రెండు ఊళ్లనీ కలిపి మునిసిపాలిటీ చేయడం, పన్నులు పెరగడం, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో జనం ఇళ్లు వదిలి ఊరి బయట రామనగర్‌లో పాకలు వేసుకోవడం, అన్నీ చక్కగా రాసింది. చూడటానికి వచ్చిన పెద్దాయన ఒక్కటే అడిగారు: "ఇంతమంది ఊరు వదిలారని రాశావు. ఈ లెక్క ఎక్కడ చూశావమ్మా?"

పిల్ల నోట్సంతా తిరగేసింది. దొరకలేదు. "గూగుల్లో సార్" అంది, కళ్లనిండా నీళ్లు. తప్పు ఆ పిల్లది కాదండీ, నాది. అంకె రాసుకోమన్నాను గానీ, అది ఎక్కడిదో పక్కనే రాసుకోమని నేను చెప్పలేదు.

గుంటూరు యార్డుకి మిర్చి తీసుకెళ్లిన ఇంట్లో పిల్లలకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. టిక్కీ మీద గుర్తు లేకపోతే సరుకు ఎంత మంచిదైనా ఎవరిదో చెప్పలేం. నోట్సూ అంతే.

అందుకని ఇప్పుడు మా క్లాసులో పాత నోటుబుక్కుల కాగితాలు చీటీలుగా కత్తిరించుకుంటాం. ఒక చీటీకి ఒకే విషయం. పైన ఉపశీర్షిక: పన్నులు, రామనగర్, నాయకులు, ఇలా. కింద పుస్తకం పేరు, రచయిత, అచ్చయిన సంవత్సరం, పేజీ. వెబ్‌సైటు అయితే పేజీ పేరు, అడ్రసు, చూసిన తేదీ. ఇది చదువుతున్నప్పుడే రాయాలి, తర్వాత రాద్దామంటే గుర్తుండదు. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తే కొటేషన్ గుర్తులు పెట్టండి. మీ మాటల్లో రాసినా ఆధారం చెప్పాల్సిందే. తర్వాత చీటీలని ఉపశీర్షికల వారీగా పేర్చుకుంటే ప్రాజెక్టు సగం అయిపోయినట్టే.

రెండు చోట్ల రెండు అంకెలు కనబడితే? నచ్చింది ఉంచి రెండోది దాచేయకండి. రెండూ రాసి, ఏది ఎక్కడిదో చెప్పండి. వీలైతే ఆ కాలపు కాగితం దాకా వెళ్లండి. చీరాల పక్కనే వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. పాత పత్రికలకి పేరున్న చోటు. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లండి.

ఇంకొక్క మాట. ఆ అమ్మాయి తర్వాత మెల్లగా చెప్పింది: "మా నాయనమ్మకి వాళ్ల అత్తగారు రామనగర్ కబుర్లు చెప్పేవారట సార్. పుస్తకంలో లేదు కదా అని రాయలేదు." అయ్యో తల్లీ, అదీ ఆధారమే! చెప్పిందెవరు, ఏ ఊరు, వయసెంత, ఎప్పుడు విన్నావు, ఆవిడకి ఎవరు చెప్పారు, ఇవి రాయి చాలు. పేరు రాసేముందు ఆవిణ్ణి అడుగు. విన్నది విన్నట్టు, చదివింది చదివినట్టు చెప్పడమే నిజాయితీ.

ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్లని ఒక్క సంగతి అడిగి, ఒక్క చీటీ రాసి చూడండి. మళ్లీ కలుద్దాం. సెలవు.