గోడలిచ్చిన గుంతే కుంట

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా అక్కడ పాలమూరు కూలీ ఉంటాడని పేరు. మట్టిని తవ్వడం, తడపడం, గట్టిపరచడం మనవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. అయినా ఇవాళ మన పాన్‌గల్‌లో పొలం దగ్గర చిన్న గది వేయాలన్నా సిమెంటు కోసమే పరుగెత్తుతున్నాం. సివిల్ ఇంజనీరుగా నాకు సిమెంటుతో పగ లేదు. కానీ ప్రపంచంలో వెలువడే బొగ్గుపులుసు వాయువులో సుమారు 8 శాతం దాని తయారీ నుంచే వస్తోంది. అవసరమైన చోటే వాడదాం.

అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో కొందరు మిత్రులు 32 ఎకరాల బీడు కొని టింబక్టు కలెక్టివ్ మొదలుపెట్టారు. మనలాంటి మెట్ట నేలే. ఆ బీడు పచ్చబడింది. చుట్టుపక్కల రైతులు సేంద్రియ సాగు చేస్తూ సహకార సంఘంగా ఏర్పడ్డారు.

మన దగ్గర ఎనిమిది రైతు కుటుంబాలు కలిసి ఇళ్లు కట్టుకుంటాయనుకుందాం. నేనైతే ముందు కుంటకు చోటు గుర్తిస్తాను. పొడవు, వెడల్పు 15 మీటర్లు, లోతు 2 మీటర్లు, ఒడ్లకు వాలు. సుమారు 340 ఘనపు మీటర్ల మట్టి వస్తుంది. పై అడుగు మట్టి సారవంతం, అది చేనుకు. మిగిలింది ఎనిమిది చిన్న ఇళ్ల గోడలకు సరిపోతుంది. గుంత నిండితే 3 లక్షల 40 వేల లీటర్ల నీళ్లు. ఇంకినా నష్టం లేదు, బావికి ఊట పెరుగుతుంది.

నల్లరేగడి గోడకు పనికిరాదు, ఎండితే పగులుతుంది. ఇసుక కలిసిన ఎర్రమట్టి కావాలి. పునాది రాతిది. కోటగుట్ట కింద పెరిగిన మనకు రాతి సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. చూరు రెండడుగులు బయటికి ఉంటే వాన గోడను తాకదు.

మట్టి తొక్కి గోడ పెట్టిన పెద్దలు మన ఊళ్లలో ఇంకా కొందరున్నారు. వాళ్లు చేయి ఆడించగలిగినప్పుడే నేర్చుకోవాలి. అందుకే స్వర్ణోత్సవ గుర్తుగా బడిలో ఒక మట్టి గది కడదామని నా విన్నపం. ఆ పెద్దలకు కూలీ ఇచ్చి పిలుద్దాం. డిజైన్, పర్యవేక్షణ నా బాధ్యత. సైన్స్ సార్లు పిల్లలతో గాజుసీసాలో మట్టి, నీళ్లు కలిపి ఊపించి, ఇసుక ఎంత, బంక ఎంత అని కొలిపించాలి. ఎండాకాలంలో ఆ గదిలో ఒకటి, పక్క స్లాబు గదిలో ఒకటి థర్మామీటర్ పెడదాం. ఏది చల్లనో పిల్లలే రాసి మనకు చూపిస్తారు.