ఒక లీటరు డీజిలు, ఒక పంచాయతీ ఓటు

(డిసెంబరు చివరి వారంలో మండల స్థాయి రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ధాన్యం ఇంకా కొందరి కళ్లాల్లోనే ఉంది. సంచులు దొరక్క, లారీ రాక తిరుగుతున్న వాళ్ళు కూడా ఈ పూట పని మానుకుని వచ్చారు. అందుకే సూటిగా విషయంలోకి వస్తాను. నాకు ఇచ్చిన అంశం శాసనసభ, పన్నులు, రాబోయే స్థానిక ఎన్నికలు. మూడూ వేరు వేరు సంగతుల్లా కనిపిస్తాయి. నిజానికి ఒకటే సంగతి. మా ఊళ్లో జరిగిన ఒక ముచ్చటతో మొదలుపెడతాను.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. తెల్లారేసరికి మా చేలు చెరువులయ్యాయి. పొట్ట మీద, పాల మీద ఉన్న వరి నీళ్లలో పడుకుంది. నీళ్లు పోవాల్సిన మురుగు బోదె గుర్రపుడెక్కతో పూడుకుపోయి ఉంది. రెండు రోజుల్లో నీళ్లు దిగకపోతే పంట దెబ్బతింటుంది. అందరం కలిసి మా సర్పంచ్ దగ్గరికి వెళ్లాం. ఆమె నాకు అన్న కూతురి వరస. ‘బాబాయ్, పంచాయతీ ఖాతాలో డబ్బుంది. కానీ అది మంచినీళ్లకీ పారిశుద్ధ్యానికీ అని రాసిచ్చిన డబ్బు. చేలో నీళ్లు తోడటానికి తీస్తే రేపు ఆడిట్లో నేను జవాబు చెప్పుకోవాలి’ అంది. అని ఊరుకోలేదు. ఆ సాయంత్రం సొంత డబ్బుతో డీజిలు తెప్పించి రెండు ఆయిల్ ఇంజన్లు పెట్టించింది. కొంత పంట దక్కింది, కొంత పోయింది.

ఆ డీజిలు గురించే ఇవాళ మాట్లాడదామనుకుంటున్నాను. ఆ ఇంజన్లో పోసిన ప్రతి లీటరు మీదా మనం పన్ను కట్టాం. ఆ పన్ను ఎక్కడెక్కడికి పోయింది? తిరిగి మా ఊరి పంచాయతీకి ఎంత వచ్చింది? ఈ లెక్క తెలిస్తే శాసనసభలో దేని గురించి వాదించుకోవాలో, పంచాయతీ ఎన్నికల్లో దేన్ని అడగాలో మనకే తెలుస్తుంది.

2025లో మన రాష్ట్రంలో లీటరు డీజిలు దాదాపు 97 రూపాయలు. అందులో కేంద్రం తీసుకున్న ఎక్సైజ్ సుంకాలు అన్నీ కలిపి 17 రూపాయల 80 పైసలు. 2025 ఏప్రిల్లో 2 రూపాయలు పెంచిన తరువాత లెక్క ఇది. రాష్ట్రం తీసుకునేది 22.25 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఆ పైన 1 రూపాయి రోడ్డు సెస్సు. ఇదీ 20 రూపాయలు దాటుతుంది. అంటే కేంద్రం, రాష్ట్రం కలిపి లీటరుకు 38 రూపాయల పైనే తీసుకున్నాయి. మునిగిన చేలో నీళ్లు తోడుకోవడానికి కూడా ఇంత పన్ను కట్టాలి.

కేంద్రం పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు పంచాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. మరి ఆ 17 రూపాయల 80 పైసల్లో 41 శాతం రావాలి కదా? రాదు. అందులో పంచుకునే ఖాతాలోకి వచ్చేది మూల ఎక్సైజ్ సుంకం ఒక్కటే. అది 1 రూపాయి 80 పైసలు. మిగతా 16 రూపాయలు ప్రత్యేక అదనపు సుంకం, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు, రోడ్డు సెస్సు పేర్లతో వసూలయ్యాయి. వీటిని రాష్ట్రాలకు పంచనక్కరలేదు. ఆ 1 రూపాయి 80 పైసల్లో రాష్ట్రాలన్నిటికీ కలిపి వచ్చేది 74 పైసలు. అందులో 15వ ఆర్థిక సంఘం లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం. చేతివేళ్ల మీద లెక్కేసుకోండి. 3 పైసలు! వ్యవసాయం పేరు పెట్టిన సెస్సే లీటరుకు 4 రూపాయలు. దాంట్లో మన రాష్ట్రానికి హక్కుగా వచ్చే వాటా పైసా కూడా లేదు.

ఇక జీఎస్టీ. సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టరు టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కి, బిందు సేద్యం పరికరాల మీద 12 నుంచి 5కి వచ్చింది. ఇది మేలే. మేలును మేలనడానికి మనకు మొహమాటం అక్కరలేదు. మన శాసనసభ దీన్ని స్వాగతిస్తూ తీర్మానం కూడా చేసింది. కానీ తీర్మానం చేసిన సభలోనే మరో మూడు మాటలు కూడా రావాల్సింది.

ఒకటి, పురుగుమందుల మీద 18 శాతం అలాగే ఉంది. తగ్గించింది జీవ సంబంధమైన మందుల మీదే. రెండు, ఎరువు బస్తా మీద 5 శాతం అలాగే ఉంది. మూడోది అన్నిటికంటే పెద్దది. దుకాణదారుడు, ఫ్యాక్టరీ యజమాని కొన్న సరుకు మీద కట్టిన పన్నును అమ్మిన సరుకు పన్నులో మినహాయించుకుంటారు. మన ధాన్యం మీద జీఎస్టీ లేదు కాబట్టి మనకు ఆ వెసులుబాటు లేదు. మందు డబ్బా మీద కట్టిన 18 శాతం మన పెట్టుబడిలోనే ఉండిపోతుంది. ‘రైతు పన్ను కట్టడు’ అని టీవీల్లో మాట్లాడే పెద్దమనుషులకు ఈ లెక్క చెప్పండి.

ఇక్కడ శాసనసభ పాత్ర చూద్దాం. జీఎస్టీ కౌన్సిల్లో కేంద్రానికి మూడో వంతు ఓటు బలం, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు. నిర్ణయం జరగాలంటే నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి. అంటే కేంద్రం కాదంటే ఏదీ జరగదు. అయినా అక్కడికి వెళ్లే మన మంత్రి ఏం మాట్లాడాలో ముందుగా శాసనసభలో చర్చ జరగవచ్చు కదా? పురుగుమందుల పన్ను గురించి అడుగుతారా అని ఒక్క ఎమ్మెల్యే లేచి అడగవచ్చు కదా? డీజిలు వ్యాట్ అయితే కౌన్సిల్‌తో పనే లేదు, పూర్తిగా రాష్ట్రం చేతిలోనిది. 175 మంది ఉన్న సభలో ప్రధాన ప్రతిపక్షం 11 మంది. వాళ్ళు సభకే రావడం లేదు. పాలకపక్షం సభ్యులు అడగరు. లీటరు మీద 4 రూపాయల అదనపు వ్యాట్ వేసినప్పుడు ఒక పార్టీ వేసింది, మరో పార్టీ తిట్టింది. తరువాత కుర్చీలు మారాయి, వ్యాట్ మారలేదు. నేను ఏ పార్టీనీ వెనకేసుకు రావడానికి ఇక్కడికి రాలేదు.

సరే, రాష్ట్రం తీసుకున్న ఆ 20 రూపాయల్లో మన ఊరికి ఎంత? దీనికీ రాజ్యాంగంలో ఏర్పాటు ఉంది. 243ఐ అధికరణం ప్రకారం ఐదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని వేయాలి. రాష్ట్రానికి వచ్చే పన్నుల్లో పంచాయతీల వాటా ఎంతో అది సిఫార్సు చేయాలి. ఆ సిఫార్సులను, వాటి మీద ప్రభుత్వం ఏం చేసిందనే వివరణను శాసనసభ ముందు పెట్టాలి. దయతలిచి ఇచ్చే గ్రాంటు కాదిది, మన వాటా. ఇవి కాక రిజిస్ట్రేషన్ల మీద వసూలు చేసే 1.5 శాతం బదిలీ సుంకం స్థానిక సంస్థల కోసం ఉద్దేశించినది. మట్టి, ఇసుక, కంకర మీద వచ్చే సీనరేజిలో వాటా ఉంది. నీటి తీరువాలో కూడా పంచాయతీకి వాటా ఉంది. మీ ఊళ్లో పొలాలు, ప్లాట్లు చేతులు మారుతున్నాయా? మీ చెరువు మట్టి టిప్పర్లలో పోతోందా? మరి ఆ వాటా మీ పంచాయతీకి వచ్చిందా? ఎంతమంది సర్పంచులకు ఈ లెక్క తెలుసు?

కేంద్ర ఆర్థిక సంఘం నిధులు నేరుగా ఊరికి అంటారు. 15వ ఆర్థిక సంఘం కాలంలో వాటిలో 60 శాతం మంచినీరు, పారిశుద్ధ్యం పనులకే వాడాలన్నారు. మిగతా 40 శాతంతో ఊరి అవసరం తీర్చుకోవచ్చన్నారు. గత ప్రభుత్వ కాలంలో, 2021లో, ఆ డబ్బునే కరెంటు బకాయిల కింద మళ్లించారు. ఖాతాలు ఖాళీ చూసుకుని సర్పంచులు వీధుల్లో భిక్షాటన చేసిన ఫొటోలు మీరు పేపర్లలో చూసే ఉంటారు. జెండా పండుగకు చిన్న పంచాయతీకి ఇచ్చే సొమ్ము 100 రూపాయలుగా ఏళ్లతరబడి ఉండిపోయింది. 2024లో దాన్ని 10 వేలు చేశారు. మంచిదే. కానీ జెండా పండుగ ఖర్చు కూడా పైనుంచి ఎవరో నిర్ణయించాల్సిన స్థితిలో పంచాయతీ ఉందంటే, దాన్ని స్వపరిపాలన అనగలమా?

ఇప్పుడు ఎన్నికల దగ్గరికి వద్దాం. మన సర్పంచులను 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో ఎన్నుకున్నాం. వాళ్ల పదవీకాలం 2026 ఏప్రిల్ మొదటి వరకే. మున్సిపాలిటీలు చాలావాటికి మార్చి వరకే. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఫలితాలు 2021 సెప్టెంబరులో వచ్చాయి కాబట్టి వాళ్లకు ఇంకొంత కాలం ఉంది. 243ఈ అధికరణం చెప్పేదేమిటంటే, పంచాయతీ కాలం ఐదేళ్లు, అంతకుమించి కాదు. ఆ ఐదేళ్లు పూర్తికాక ముందే ఎన్నికలు జరగాలి.

జరగకపోతే ఏమవుతుందో మనకు అనుభవమే. 2018 ఆగస్టులో పంచాయతీల కాలం ముగిస్తే రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. పక్కన తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి ఇదే జరిగింది. బీసీలకు 42 శాతం రిజర్వేషన్ బిల్లులు శాసనసభ ఆమోదించింది, అవి ఢిల్లీలో ఆగాయి, వ్యవహారం కోర్టుకెక్కింది. చివరికి 2025 డిసెంబరులో మూడు విడతల్లో ఎన్నికలు పెట్టారు. ఈలోగా ఎన్నికైన పాలకవర్గాలు లేవని కేంద్ర నిధులు ఆగిపోయాయి. బీసీల వాటా న్యాయమైన కోరిక. ఆ పని ముందే పూర్తి చేసుకోవాల్సిన బాధ్యత ప్రభుత్వాలది. వాయిదాకు దాన్ని సాకు చేసుకుంటే నష్టపోయేది ఆ బీసీ వాడల్లోని కుళాయిలే.

ఎన్నికలు వాయిదా పడితే అలవాటైపోతుంది, అదే అసలు ప్రమాదం. మన సహకార సంఘాలే చూడండి. 2013లో ఎన్నికలు జరిగాయి. ఆ తరువాత మన రాష్ట్రంలో మళ్లీ జరగలేదు. అప్పు ఎవరికివ్వాలో, ఎరువు ఎవరికివ్వాలో చూసే సంఘానికి పాలకులు నియమించిన మనుషులే పెద్దలు. మార్కెట్ కమిటీ మన సరుకు మీద వచ్చే సెస్సుతో నడుస్తుంది. దాని ఛైర్మన్ కూడా నియామకమే. నీటి సంఘాలకు మాత్రం 2024 డిసెంబరులో ఎన్నికలు జరిపారు. పంచాయతీ కూడా సహకార సంఘం దారి పడితే ఇక మనం ఓటేసి నిలదీయగలిగే గడప ఊళ్లో ఏదీ ఉండదు.

మరో మాట. ఎంపీటీసీ ఓటును చాలామంది చిన్నచూపు చూస్తారు. మన శాసనమండలిలో 58 స్థానాలున్నాయి. అందులో 20 స్థానాలు స్థానిక సంస్థల కోటా. వాటికి ఓటేసేది ఎంపీటీసీలు, జడ్పీటీసీలు, పట్టణాల కౌన్సిలర్లు. అంటే మీరు ఊళ్లో వేసే ఓటు మండలిదాకా పోతుంది. ఆ 20 మందిలో పంచాయతీల వాటా గురించి సభలో పట్టుబట్టినవాళ్లు ఎంతమందో మీరే గుర్తు చేసుకోండి.

ఇక ఏకగ్రీవాలు. ఊరు నిజంగా కూర్చుని మాట్లాడుకుని ఒక మంచి మనిషిని నిలబెడితే సంతోషం. కానీ గుడికి ఇంత, రోడ్డుకు ఇంత అని పాట పాడి పదవి కొనుక్కునేదాన్ని ఏకగ్రీవం అనకండి. కొన్నవాడు పెట్టుబడి రాబట్టుకుంటాడు. 2021లో రెండు వేలలోపు జనాభా ఉన్న ఊళ్లకు ఏకగ్రీవమైతే 5 లక్షలు నజరానా అన్నారు. అడిగే హక్కును 5 లక్షలకు వదులుకుంటే ఐదేళ్లలో పోయేది అంతకంటే ఎక్కువ.

కాబట్టి మిత్రులారా, మనం చేయాల్సిన పని చిన్నది. ఈ నెలలోనే ప్రతి గ్రామ శాఖా పంచాయతీ కార్యదర్శిని కలిసి ఐదు లెక్కలు అడగాలి. మొదటిది, ఈ ఐదేళ్లలో ఆర్థిక సంఘం నిధులు ఎంత వచ్చాయి, దేనికి ఖర్చయ్యాయి? రెండు, బదిలీ సుంకం వాటా ఎంత? మూడు, సీనరేజి వాటా ఎంత? నాలుగు, నీటి తీరువా మనం కట్టిందెంత, ఊరికి వచ్చిందెంత? ఐదు, కరెంటు బిల్లులకు ఎంత పోయింది? ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఆ కాగితం గ్రామసభలో చదవండి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. అధికారులు పెట్టిన రోజున మనం వెళ్లాం. మనం అడిగిన రోజున కూడా సభ జరగాలి.

ఓటు అడగడానికి ఎవరొచ్చినా, మనవాడైనా, మన కులంవాడైనా, ఆ కాగితం చూపించి ‘ఈ వాటా తెస్తావా? తేకపోతే మాతో కలిసి ఎమ్మెల్యే గడప దగ్గర కూర్చుంటావా?’ అని అడగండి. ఎమ్మెల్యే కనిపిస్తే, రాష్ట్ర ఆర్థిక సంఘం సిఫార్సుల మీద సభలో ఎప్పుడు మాట్లాడతారో అడగండి. 16వ ఆర్థిక సంఘం 2025 నవంబరులో నివేదిక ఇచ్చింది. 2026 ఏప్రిల్ నుంచి కొత్త లెక్క. సరిగ్గా అప్పుడే మన పంచాయతీలకు పాలకవర్గాలు లేకుండా పోతే, ఆ లెక్కలో మన తరఫున మాట్లాడేవాళ్లే ఉండరు.

మా సర్పంచ్‌ను మొన్న అడిగాను, ‘మళ్లీ నిలబడతావా అమ్మా?’ అని. ‘వద్దు బాబాయ్, డీజిలు అప్పే ఇంకా తీరలేదు’ అంది. సొంత డబ్బు పెట్టి చేను కాపాడిన మనిషి ఇంటికి పోతే, పాట పాడి పదవి కొన్న మనిషి ఆ కుర్చీలో కూర్చుంటాడు. నేను ఆమెకు ఒక మాట ఇచ్చాను. ‘ఈసారి డబ్బు నువ్వు పెట్టనక్కరలేదు, ఊరి వాటా ఊరంతా కలిసి అడుగుతుంది, నువ్వు ముందు నడు’ అన్నాను. ఆలోచించి చెబుతానంది. నేనిచ్చిన మాట నిలబడాలంటే మీరూ మీ ఊళ్లలో ఆ ఐదు లెక్కలూ అడగాలి. వచ్చే నెల తరగతికి వచ్చేటప్పుడు ఆ కాగితం వెంట తెచ్చుకోండి.