పత్రం లేని పెంపకం

స్మారకోపన్యాసమంటే ఒక పేరు తలుచుకోవడమే గనక, పేర్ల సంగతితోనే మొదలుపెట్టడం సబబు. చలం పుట్టింది కొమ్మూరి వారింట్లో. మాతామహుడు దత్తత చేసుకోబట్టి గుడిపాటి వెంకటచలమయ్యాడు. శ్రీశ్రీ పుట్టుకతో పూడిపెద్ది. దత్తు వెళ్లి శ్రీరంగమయ్యాడు. పైగా కన్నతల్లి చిన్నప్పుడే పోతే సవతితల్లి సుభద్రమ్మ చేతుల్లో పెరిగాడు. తెలుగు వచనాన్నీ కవిత్వాన్నీ కుదిపేసిన ఇద్దరి ఇంటిపేర్లూ దత్తత తెచ్చినవే.

అయితే వాళ్లు మగపిల్లలు. ఇంటిపేరు నిలబెట్టే చోట దత్తతకు ముహూర్తం, పత్రం, సాక్షులు అన్నీ అమరుతాయి.

ఇవేవీ లేని పెంపకం ఇంకోటుంది. ‘తల్లి చస్తే తండ్రి పినతండ్రి’ అనుకునే ఊళ్లలోనే, తల్లి పోయిన పిల్లల్ని చంకనేసుకుని తమ ఇంటికి తెచ్చుకునే అమ్మమ్మలున్నారు. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన కోనసీమ, కడప ఇళ్లలో పెద్దమ్మో పిన్నో అన్నం కలిపి పెడుతుంది. దీన్నెవరూ దత్తత అనరు. ‘పిల్ల మా దగ్గరే ఉంటోంది’ అంటారు, అంతే.

జూన్‌లో బడి తెరిచాక ఆ మాట చెల్లదు. అమ్మమ్మ ప్లాస్టిక్ కవరు ముడి విప్పి రేషన్ కార్డు, ఆధార్, కూతురి మరణ ధ్రువపత్రం ఒక్కొక్కటే బల్లమీద పెడుతుంది. తండ్రి సంతకమేదీ అంటారు. తండ్రికి వేరే ఊళ్లో వేరే కాపురం. కవరు మళ్లీ ముడిపడుతుంది.

చట్టం వీళ్లను బొత్తిగా మరిచిందనలేం. 2015 నాటి బాలల న్యాయ చట్టం మతంతో నిమిత్తం లేకుండా బంధువుల దత్తతను ఒప్పుకుంది. బంధువులంటే ఎవరు? తాతలు, అమ్మమ్మ, నానమ్మ, పెదనాన్న, బాబాయి, మేనమామ, మేనత్త, పెద్దమ్మ, పిన్ని. వరస బాగానే ఉంది గానీ, అందులో అక్క లేదు! బడి మానేసి తమ్ముళ్లకు వండిపెట్టి, చెల్లికి జడ వేసి పంపే పెద్దక్క ఏ వాడలో లేదు? ఆ జాబితా రాసిన వారి ఇళ్లలోనూ ఉండే ఉంటుంది.

నిజానికి ఇలాంటి ఇళ్లకు దత్తత కన్నా అక్కరకొచ్చేది స్పాన్సర్‌షిప్. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. అనాథలై బంధువుల పంచన ఉన్న పిల్లలూ అర్హులే. కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో 72,000, మిగతాచోట్ల 96,000 దాటకూడదు. అర్జీ జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి. 2021లో వచ్చిన పీఎం కేర్స్ బాలల పథకం 23 ఏళ్లు నిండేసరికి 10 లక్షలిస్తుంది, కానీ కోవిడ్ వల్ల తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లలకే. ఏ లారీ కిందో పడి పోయినవాళ్ల పిల్లలకు అది వర్తించదు.

పెళ్లి కాని వాళ్లకూ దారి కొంత తెరుచుకుంది. 2024 నమూనా మార్గదర్శకాల ప్రకారం 35 నుంచి 60 ఏళ్ల ఒంటరి వ్యక్తులు కూడా పిల్లల్ని ఫోస్టర్ సంరక్షణకు, అంటే దత్తత లేకుండా తాత్కాలికంగా పెంచడానికి, తీసుకోవచ్చు. మగవాళ్లకైతే మగపిల్లల్నే ఇస్తారు.

ఇక అమ్మమ్మ సంతకం చెల్లాలంటే 1890 నాటి సంరక్షకుల చట్టమే గతి. పాతదే గానీ ఒక మేలుంది. బిడ్డ మామూలుగా ఎక్కడుంటే ఆ జిల్లా కోర్టులోనే అర్జీ పెట్టుకోవచ్చు, తండ్రి ఊరికి పరుగెత్తనక్కర్లేదు. ఈ ముక్క ఆమె చెవిన వేయడానికి వకీలే రానక్కర్లేదు, వీధిలోని అంగన్‌వాడీ టీచరు చాలు.