ముందు చక్రాలకు లాకరు: ఎంచుకునే ముందు



మా పెదనాన్నగారి అబ్బాయికి చింతామణి దగ్గర టమాటా తోట ఉంది. కిందటి వానాకాలంలో ఒక రాత్రి ఆయన ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ తోట పక్క వంకలో దిగబడింది. పక్క సీట్లో జ్వరంతో మా పెద్దమ్మ. నాలుగు చక్రాలూ లాగే బండి కదా అనే ధైర్యంతో దించాడు. తీరా చూస్తే ముందు ఒక చక్రం, వెనుక ఒక చక్రం గిర్రున తిరుగుతున్నాయి; మిగతా రెండూ కదలడం లేదు. ట్రాక్టరు వచ్చి లాగేసరికి రెండు గంటలు పట్టింది. పెద్దమ్మకు గండం గడిచింది. అన్నయ్య మాత్రం మర్నాడే బెంగళూరు వచ్చి, "ముందు చక్రాలకు లాకరు వేయిస్తానురా, ఏది మంచిదో చెప్పు" అన్నాడు. నేను బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. మెకానిక్కుల నడిగి తెలుసుకున్నది ఈ వేళ మీతోనూ పంచుకుంటాను.

బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం నడవాలి. అందుకు వీలు కల్పించేది ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్. అది రెండు చక్రాలకూ బలాన్ని సమానంగా పంచుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. బురదలో జారే చక్రానికి ఎంత కొద్ది బలం చాలో, గట్టినేల మీది చక్రానికీ అంతే అందుతుంది. ఎడ్లబండి కాడిని తలచుకోండి. ఒక ఎద్దు కాలు జారితే కాడి పక్కకు తిరిగిపోతుంది, రెండో ఎద్దు సత్తువ బండికి అందదు. కాడి తిరగకుండా బిగించే చీల వంటిదే లాకరు.

అయితే ముందు ఇరుసుకు ఇంకో పని ఉంది. బండిని మళ్ళించేది అదే. దాన్ని బిగిస్తే స్టీరింగు బరువెక్కుతుంది, బండి తిన్నగా పోవాలని చూస్తుంది. పక్కవాలు మీద ముందు భాగం కిందికి జారవచ్చు. అందుకే మొదట వెనుక ఇరుసుకు లాకరు ఉండాలి. మిట్ట ఎక్కేటప్పుడు బరువు పడేదీ వెనుకనే. మన బెంగళూరు పక్కన బిడదిలో తయారై 2022లో మార్కెట్లోకి వచ్చిన హైలక్స్ పికప్‌కు కంపెనీవారు లాకరు పెట్టింది వెనుక ఇరుసుకే. ఫోర్స్ గూర్ఖా జీపుకు మాత్రం ముందూ వెనుకా రెండూ ఉన్నాయి. అవసరమైనప్పుడే డ్రైవరు వాటిని బిగిస్తాడు.

ముందుకు వేయించే లాకర్లు ముఖ్యంగా రెండు రకాలు. తనంతట తానే బిగుసుకునేది ఒకటి. ఇది చవక, గొట్టాలూ తీగలూ అక్కర్లేదు. కానీ ఫోర్ వీల్‌లో ఉన్నంతసేపూ వద్దన్నా పనిచేస్తుంది. రెండోది డ్రైవరు మీట నొక్కితే గాలితోనో కరెంటుతోనో బిగుసుకునేది. ధర ఎక్కువ. గాలిదైతే కంప్రెసర్, గొట్టాలు చూసుకోవాలి. కరెంటుదైతే తీగలకు నీరు తగలకుండా కాపాడుకోవాలి. ముందు ఇరుసుకు నా ఓటు రెండోదానికే. ఇక్కట్టు దాటగానే విప్పేయవచ్చు.

మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ వంటి పికప్‌లలో ముందు చక్రాలు విడివిడి సస్పెన్షన్ మీద ఉంటాయి. స్టీరింగును పూర్తిగా తిప్పి, లాకరు బిగించి యాక్సిలేటరు తొక్కితే ఇరుసు కీళ్ళు విరిగే ప్రమాదం ఉంది. కొనేముందు డిఫరెన్షియల్ మోడలు, ఇరుసు పళ్ళ సంఖ్య, గేరు నిష్పత్తి సరిపోతాయో లేదో చూడాలి. హౌసింగ్ విప్పి క్రౌన్, పినియన్‌ల సందును సరిగ్గా అమర్చగల చేయి కావాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదు. కాబట్టి రవాణా కార్యాలయంలోనూ, ఇన్సూరెన్సు వారినీ ముందే అడగడం క్షేమం.

చివరికి అన్నయ్య ఏం చేశాడంటారా? వెనుక ఇరుసుకు లాకరు, బురద టైర్లు, లాగడానికి గట్టి పట్టీ తీసుకున్నాడు. ముందుది ఇవి చాలనప్పుడు చూద్దామన్నాడు. అసలు సంగతి మరొకటుంది. లాకరు బురదకే గాని వరదకు విరుగుడు కాదు. పారే నీరు బండినే తేల్చేస్తుంది. వంక పొంగితే చుట్టుదారే మేలని పెద్దమ్మ ఇప్పుడు బండి ఎక్కే ముందే చెబుతోంది.