పడవ లేనోడి సముద్రం

(మండల స్థాయి శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



కొండల మీద గాలిమరలు మీరు చూసే ఉంటారు. వాటిని సముద్రంలో కూడా పాతుతున్నారు. మొట్టమొదట 1991లో డెన్మార్క్‌లో, విండెబీ దగ్గర 11 మరలు పెట్టారు. నీళ్లమీద గాలికి అడ్డు లేదు, నిలకడగా వీస్తుంది. బొగ్గక్కర్లేదు, బూడిద లేదు. బూడిద చెరువుల పక్కన బతికేవాళ్లకు ఈ మాట విలువ తెలుసు. అందుకే ఈ కరెంటు వద్దని నేననను.

మన దేశం 2015లో దీనికో విధానం రాసుకుంది. 2024 జూన్‌లో కేంద్ర కేబినెట్ 7,453 కోట్ల రూపాయలు ఇస్తామంది. గుజరాత్ దగ్గర 500 మెగావాట్లు, తమిళనాడు దగ్గర 500. అందులో 600 కోట్లు రెండు రేవుల బాగుకోసం. ఎందుకంత? సముద్రం అడుగున పునాది దించాలి, కేబులు ఒడ్డుదాకా లాగాలి, ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, చిన్న రిపేరొచ్చినా ఓడెక్కి పోవాలి. ఇంత ఇస్తామన్నా గుజరాత్ టెండరు 2025లో రద్దయింది.

మరి మనకేం పని? ఆ డబ్బు అగ్గిపెట్టె మీద కూడా పన్ను కట్టే మనది. ఇంకోటి చూడండి. శ్రీకాకుళం, విజయనగరం జాలర్లు గుజరాత్‌లోని వేరావల్ పోయి పరాయి పడవల మీద కూలి చేస్తున్నారు. 2018లో పాకిస్తాన్ పట్టుకుపోయింది అట్లా పోయినవాళ్లనే. రేపు అటు తీరంలో మరలు లేస్తే, పని జరిగినన్నాళ్లు ఆ చోట వేట ఆపమంటారు. నష్టపరిహారం ఎవరి చేతికిస్తారు? కాగితం ఉన్న పడవ యజమానికి. కూలోడి పేరు ఏ రిజిస్టర్లో ఉంది? ఊళ్లో ప్రాజెక్టుకు భూమి పోతే పట్టాదారుకు చెక్కొస్తుంది, ఆ పొలంలో నాట్లేసినోళ్లు వలసపోతారు. ఈ లెక్క మన పేటలకు ఒకరు నేర్పక్కర్లేదు.

కోపెన్‌హాగన్ ఎదుట మిడెల్‌గ్రుండెన్ అనేచోట 2000లో 20 మరలు నిలబెట్టారు. అందులో సగం ఓ సహకార సంఘానిది. ఎనిమిది వేలమందికి పైగా మామూలు జనం వాటాదారులు. అక్కడైంది, ఇక్కడెందుకు కాదు? సర్కారు డబ్బు తీసుకునే కంపెనీ వాటాలివ్వాల, మన ఐటీఐ పిల్లలకు ఉద్యోగాల్లో రిజర్వేషనివ్వాల. ప్రైవేటులో రిజర్వేషన్ లేదంటారు. ప్రజల డబ్బు పుచ్చుకునేటప్పుడు ప్రైవేటని గుర్తు రాలేదా?

టెండరు ఆగింది గనక టైముంది. తీరం ఊళ్లలో పనిచేసే కార్యకర్తలు ఒక నోటుబుక్కు పెట్టండి. ఎవరు ఏ రేవుకు పోతారు, ఏ నెల పోతారు, ఎవరి పడవ, కూలెంత, ఎండుచేపలమ్మే ఆడవాళ్లెందరు, పేరుపేరునా రాయండి. పడవ లేనోళ్ల పేర్లు ముందు రాయండి.