యంత్రములందు మన యక్షరము
(ద్వారకా తిరుమలలో నొక పఠనమందిర సభయందు గావించిన యుపన్యాసము)



ఈ సాయంకాలము నన్ను మాటలాడుమని కోరిన యువకులు విషయమును గూడ తామే నిర్ణయించిరి. వీరు ప్రతి యాదివారము ఈ మందిరపు వరండాలో గూడుకొని రెండు సంగతులను గూర్చి వాదించుచుందురు. ఒకటి నాటి వార్తలు. రెండవది కంప్యూటర్లను నడపు ఆపరేటింగ్ సిస్టములు. ఒకరిది విండోస్ పక్షము, వేరొకరిది లినక్స్ పక్షము, మూడవవారు ఆపిల్ యంత్రమును దప్ప వేరొకదానిని ముట్టరు. శైవ వైష్ణవ కలహము వలె నున్నదని పెద్దలు కొందరు నవ్వుదురు. నేనును మొదట నవ్వినవాడనే. కాని కొన్నాళ్లు చెవియొగ్గి వినిన పిమ్మట, వారు రెండుగా దలచుచున్న సంగతులు నిజమునకు ఒక్కటే యని నాకు దోచినది. ఆ మాటనే నేడు మనవి చేయుదును.

ఆపరేటింగ్ సిస్టమనగా నేమి? తెరమీద మనకు గనబడు నుత్తరము, చిత్రము, లెక్కల పట్టిక, ఇవి పైపై రూపములు. మీట నొక్కగనే దానిని గ్రహించి, ఏ పని ముందో ఏది వెనుకనో నిర్ణయించి, దేనికెంత జ్ఞాపకస్థానము నీయవలెనో పంచి, అక్షరమును దెచ్చి తెరపై నిలుపు మూలప్రణాళిక వేరొకటి కలదు. అదియే ఆపరేటింగ్ సిస్టము. మన కొండపై వెలసిన స్వయంభూమూర్తి వక్షస్థలము వరకే దర్శన మిచ్చును. పాదములు పుట్టయందు మరుగైయున్నందున, పాదసేవకై సంపూర్ణమూర్తి నొకదానిని అదే విమానము క్రింద ప్రతిష్ఠించిరని పెద్దలు చెప్పుదురు. కనబడని పాదములను మరువరాదని పూర్వులు చేసిన యేర్పాటది. యంత్రముల విషయములో మాత్రము మనము పైభాగమును జూచి మురిసి, క్రిందిభాగ మెవరి చేతిలో నున్నదో విచారింపకున్నాము.

విచారింపనిచో నేమగునో మన లిపియే సాక్ష్యము చెప్పగలదు. 1991లో వెలువడిన యూనికోడ్ పద్ధతిలో తెలుగునకు 128 స్థానములు గల యొక విభాగ మేర్పడినది. ప్రతి యక్షరమునకు ఒక సంఖ్య. కాని సంఖ్య యున్నంత మాత్రమున అక్షరము కనబడదు. "జ్ఞా" అను దానిని యంత్రము జకారము, పొల్లు, ఞకారము, దీర్ఘము అని నాలుగు ముక్కలుగా దాచుకొనును. వానిని గలిపి, వత్తును వత్తు చోట, దీర్ఘమును దీర్ఘము చోట గూర్చు పని ఆపరేటింగ్ సిస్టముది. 2018 ఫిబ్రవరిలో ఆ కూర్పుపని యొకచోట చెడినది. ఈ ముక్కల నడుమ కంటికి గానరాని విభజక చిహ్న మొకటి చేరిన సందేశ మేదైన ఐఫోనునకు వచ్చెనా, దానిని జూపబోయిన అప్లికేషన్ అక్కడికక్కడ నిలిచిపోయెను. కొన్ని యెడల ఫోనే మరల మరల కూలబడెను. తెలుగక్షరము ఫోనులను బడగొట్టుచున్నదని దేశదేశముల పత్రికలు వ్రాసినవి. తప్పు అక్షరముది కాదు, దానిని గూర్చవలసిన ప్రణాళికది. ఆపిల్ సంస్థ ఆ నెల 19వ తేదీన ఐఓఎస్ 11.2.6ను విడుదల చేసి దోషమును సవరించినది. త్వరగానే సవరించిరి, సంతోషమే. కాని అంతవరకును కోట్లాది తెలుగువారిలో నొక్కరును, ఎంత నేర్పరియైనను, ఆ ప్రణాళికను విప్పి తన భాషయందలి జ్ఞానమను మాట మొదటి యక్షరమును దాను సరిదిద్దుకొనుటకు వీలు లేకపోయెను. ఎదురుచూచుటయే మన పాలికి మిగిలినది.

ఇక వార్తలకు వత్తము. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణసంస్థ పంపిన లోపభూయిష్టమైన మార్పు ఒకటి విండోస్ యంత్రములను నిలిపివేసినది. మైక్రోసాఫ్ట్ వారి లెక్కప్రకారము అట్లు ఆగినవి సుమారు 85 లక్షలు. హైదరాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేతితో వ్రాసి యిచ్చిరి. 2025 జూలైలో ఐరోపా సమాఖ్య గుజరాతులోని వాడినార్ చమురుశుద్ధి కర్మాగారముగల నయారా సంస్థపై ఆంక్షలు విధించినది. ఆ వెంటనే మైక్రోసాఫ్ట్ తన సేవలను నిలిపివేయగా, నయారా వారు ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిరి. పిదప సేవలు పునరుద్ధరింపబడినవి. ఇది ఉత్తర ప్రత్యుత్తరముల సేవలకు సంబంధించిన మాటయే గాని, యంత్రములు ఆగిన మాట కాదు. ఆ ఆంక్షల యుచితానుచితములు వేరు చర్చ. మనము గమనింపవలసిన దొక్కటే: మన గడ్డమీది కార్యాలయమున మీట పనిచేయునో లేదో వేరొక ఖండమున నిర్ణయింపబడుట సాధ్యమని ఆ వారము తెలిసినది. కనుకనే మన యువకుల రెండు వాదములును ఒక్కటే యంటిని.

దీనికి మార్గాంతరము లేదా? కలదు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ఎవరైనను విప్పి చదివి, మార్చి, పంచుకొనదగిన వ్యవస్థను నిర్మింతునని ప్రకటించెను. 1991లో ఫిన్లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అను మూలభాగమును లోకమునకు విడిచెను. మరుసటి యేట ఆచార్య ఆండ్రూ టానెన్‌బామ్ దాని నిర్మాణము కాలము చెల్లినదని బహిరంగముగా ఆక్షేపింపగా, ఆ విద్యార్థి గట్టిగా బదులు చెప్పెను. ఆ చర్చను ఇద్దరి వాదములతో నేటికిని చదువుకొనవచ్చును. వారు వాదించుటతో నూరకుండలేదు. ఇద్దరును తమ తమ వ్యవస్థలను వ్రాయుచునే వాదించిరి. మన వరండా వాదమునకు లోపించిన దదియే.

తెలుగుసీమయు ఈ విషయమున నిద్రపోలేదు. 2005లో హైదరాబాదు మిత్రులు "స్వేచ్ఛ" యను పేర తెలుగున ఆపరేటింగ్ సిస్టమును వెలువరించిరి. కేంద్రప్రభుత్వ సంస్థయగు సీడాక్ 2007లో "బాస్" అను పేర లినక్స్ వ్యవస్థనే భారతీయ భాషలకు దగినట్లు సిద్ధపరచినది. కేరళ రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఇట్టి స్వేచ్ఛా వ్యవస్థలమీదనే కంప్యూటరు నేర్చుచున్నారు.

అయినను ఒక పక్షమునే పొగడుట నా యుద్దేశము కాదు. తెరచియున్న ఇంటికిని దొంగ వచ్చును. 2024 మార్చిలో లినక్స్ వ్యవస్థలలో వాడు ఎక్స్‌జెడ్ అను చిన్న ప్రణాళికలో రహస్యద్వార మొకటి బయటపడినది. దానిని పెట్టినవాడు రెండేండ్లకు పైగా నమ్మకమైన సహాయకునివలె మెలగినవాడు. కనిపెట్టినవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్. అతడు మైక్రోసాఫ్ట్ ఉద్యోగియే! యంత్రములోనికి ప్రవేశించుటకు అర సెకను ఆలస్యమగుచున్నదేమని సందేహించి, ప్రణాళికను విప్పి చూచెను. విప్పి చూచుటకు వీలుండెను గనుక, అది విస్తారముగా వ్యాపింపక మునుపే దొరికినది. తెరచియుండుట వలన దోషములు పుట్టకపోవు. పుట్టినవానిని పట్టుకొను హక్కు అందరికి నుండును. ఆ హక్కును వాడుకొనువారు లేకున్న అదియు వ్యర్థమే.

వేరొక చిక్కును గూడ దాచరాదు. తెలుగు ముద్రణాలయములలో ననేకము నేటికిని అను ఫాంటులతో, పేజ్‌మేకరులో, విండోస్ మీదనే నడచుచున్నవి. ఆ ఫాంటులు యూనికోడ్ కంటె భిన్నమైనవి. పెండ్లి శుభలేఖలు కూర్చి పొట్టపోసికొను డీటీపీ పనివానితో "రేపటినుండి లినక్స్ వాడుము" అనుట సులభము. వాని కూలి పోయినచో నిచ్చువారెవరు? ఆదర్శము నాతని నెత్తిన మోపి మనము చప్పట్లు కొట్టరాదు.

కాబట్టి మన చేతిలోనున్న పని చేయుదము. ఈ మందిరములో నాలుగు పాత కంప్యూటర్లున్నవి. వానిలోని విండోస్ 10కు 2025 అక్టోబరు 14వ తేదీతో ఉచిత సాధారణ రక్షణ ముగిసినది. పొడిగింపు పథకమున్నను అది తాత్కాలికమే. విండోస్ 11 కోరు టీపీఎం 2.0 అను రక్షణభాగము మన యంత్రములలో లేదు. వానిని పాతసామాను వానికమ్మి క్రొత్తవి కొనవలెనని కార్యవర్గములో కొందరి యభిప్రాయము. పనిచేయుచున్న యంత్రమును చెత్తలో వేయుటకు నాకు మనసొప్పదు. చందాదారులలో చుట్టుపట్ల పల్లెలనుండి సైకిళ్లపై వచ్చి, ఇక్కడనే ఉద్యోగపు దరఖాస్తులు నింపుకొను పిల్లలున్నారు. క్రొత్తవానికై సొమ్ము చేకూరువరకు వారేమి చేయవలెను?

సభవారి ముందు నే నుంచు సూచన యిది. లెక్కలు, ముద్రణ నడచు రెండు యంత్రముల జోలికి ఇప్పుడే పోవలదు. వానికి పొడిగింపు రక్షణయు, దస్తావేజులకు వేరు ప్రతులును ఏర్పరుపుడు. తక్కిన రెండింట స్వేచ్ఛా వ్యవస్థను తెలుగున నెలకొల్పి మూడు నెలలు వాడి చూడుడు. వరండా మిత్రులు వంతులు వేసికొని వచ్చినవారికి నేర్పవలెను. ఎక్కడ వత్తు తప్పినను, ఏ మాట అర్థము కాకున్నను, ఒక పుస్తకములో వ్రాసి, ఆ వ్యవస్థను నిర్మించువారికి పంపవలెను. లినక్స్ పక్షమువారు దానిలోని దోషములను, విండోస్ పక్షమువారు దానిలోని గుణములను వ్రాసిపెట్టుడు. అప్పుడు వాదము పరీక్షగా మారును. మూడు నెలల తరువాత ఆ పుస్తకము నీ సభలో చదివి నిర్ణయింతము. ఫలితము నా మాటకు విరుద్ధముగా నున్నచో, క్రొత్త యంత్రములకై చందా పోగుచేయుటకు మొదట బయలుదేరువాడను నేనే.

మన యక్షరము తప్పుగా గనబడినపుడు ఇకమీద మన యూరివారొకరు దానిని చూచి, వ్రాసి, సరిచేయించిరన్న మాట యొక్కటి మిగిలినను, ఈ రెండు పాత యంత్రములు తమ ఋణము తీర్చుకొన్నట్లే. సూచనను మీ యామోదమునకు విడుచుచున్నాను.